కంచె లోపలి దీపం

ఏటా మహాశివరాత్రికి నేను కోటప్పకొండకు పోతాను. భక్తితో పోతానంటే నన్నెరిగిన మిత్రులు నమ్మరు. నేను పోయేది ప్రభలను చూడటానికి. నరసరావుపేట, చిలకలూరిపేట ప్రాంతాల రైతులు ఊరూరా చందాలు వేసుకుని, వెదురుగడలను మోకులతో బిగించి, తొంభై అడుగుల ఎత్తున నిలబెట్టి, విద్యుద్దీపాలతో అలంకరించి కొండ దిగువకు తోలుకువచ్చే ఆ ప్రభలను ఒక్కసారి చూసినవాడు, పల్లెటూరి మనిషికి యంత్రవిజ్ఞానం అబ్బదని ఇక జన్మలో అనడు.

ఈ ప్రభ ఊరు కదలాలంటే ముందుగా జరగవలసిన పని ఒకటి ఉన్నది. దారికి అడ్డం వచ్చే కరెంటు తీగలను లైన్‌మన్లు విప్పాలి. తీగలు విప్పాలంటే సరఫరా ఆపాలి. అందుచేత ప్రభ వచ్చే వేళకు ఆ దారిలోని ఇళ్లన్నీ చీకటిగా ఉంటాయి. ఆ చీకట్లోంచి, తన వెనక మోగే జనరేటరు బలంతో, ప్రభ ఒక్కటే దేదీప్యమానంగా వెలుగుతూ పోతుంది. పిల్లలకు అదొక అద్భుతం. నాకు చాలాకాలంపాటు అందులో ఆలోచించవలసిందేమీ కనిపించలేదు.

నా ఆలోచనను కదిలించినవాడు నా పూర్వ విద్యార్థి ఒకడు. సైన్యంలో ఇరవైనాలుగేళ్లు జనరేటర్ల దగ్గరే పనిచేసి, హవల్దారుగా రిటైరై ఊరికి వచ్చాడు. వాళ్ల ఊరి ప్రభ జనరేటరు ఇప్పుడు అతని చేతిమీదుగానే నడుస్తుంది. నాలుగైదేళ్ల కిందట ఒక శివరాత్రినాడు చీకటి వీధిలో అతని పక్కన నడుస్తున్నాను.

"మా స్థావరంలో కూడా అచ్చం ఇదే వ్యవహారం, మాస్టారూ. చుట్టూ ఊళ్లన్నీ చీకట్లో ఉండేవి. మేం మాత్రం ఇట్లాగే వెలుగుతూ ఉండేవాళ్లం" అన్నాడు.

"ఏ స్థావరమోయ్?" అన్నాను.

"అదొక్కటి అడక్కండి" అని నవ్వాడు.

నేను మళ్లీ అడగలేదు. కాని ఆ మాట నన్ను వదలలేదు. సైనిక స్థావరాలకు కరెంటు ఎక్కడినుంచి వస్తుంది, వచ్చేది ఆగిపోతే ఏమవుతుంది, ఆ ఏర్పాటుకు కంచె బయట ఉన్న మనకూ ఏమి సంబంధం అనే ప్రశ్నలు మన పత్రికల్లో ఎక్కడా చర్చకు రావు. రాకపోవటానికి రెండు రకాల పెద్దమనుషులు కారణం. వారిద్దరితోనూ నాకు పేచీ ఉన్నది.

మొదటి రకంవారు దేశభక్తులు. సైన్యం మాట ఎత్తగానే వారు కళ్లు మూసుకుని చేతులు జోడిస్తారు. సైన్యానికి ఎంత డీజిలు కావాలో సైన్యానికే తెలుసుననీ, దాన్ని గురించి పౌరుడు ప్రశ్నించటం ద్రోహమనీ వీరి వాదన. రెండో రకంవారు మనవాళ్లే. సైన్యం పాలకవర్గాల చేతిలోని సాధనమనీ, దాని దీపం ఆరితే మనకేమి, వెలిగితే మనకేమి అనీ వీరు సెలవిస్తారు. ఆయుధాల ఖర్చు తగ్గించాలని తీర్మానం చేసి, దానితో తమ బాధ్యత తీరిందని సంతృప్తి పడతారు. మొదటివారు ప్రశ్నను భక్తితో చంపేస్తారు, రెండోవారు అలక్ష్యంతో చంపేస్తారు. చచ్చేది మాత్రం ఒకే ప్రశ్న.

ఆ ప్రశ్న ఏమిటో తెలియాలంటే ముందు స్థావరంలో కరెంటు సంగతి కొంచెం తెలుసుకోవాలి. ఇందులో రహస్యమేమీ లేదు. పెద్ద ఆసుపత్రిలోనైనా, ఓడరేవులోనైనా పద్ధతి ఇదే. మామూలు రోజుల్లో స్థావరం కూడా మనలాగే ప్రజల గ్రిడ్డునుంచి కరెంటు తీసుకుంటుంది. ఆ కరెంటు పోయిన క్షణంలో బ్యాటరీలు రాడారునూ వైర్‌లెస్సునూ నిలబెడతాయి. కొద్ది సెకన్లలో డీజిలు జనరేటర్లు అందుకుంటాయి. అక్కడినుంచి ట్యాంకులో చమురు ఉన్నంతసేపూ స్థావరం ఒక ద్వీపం. చుట్టూ చీకటి సముద్రం, మధ్యలో వెలుగు.

ఈ ద్వీపం ఎంత గట్టిది? హవల్దారు చెప్పినదాన్ని బట్టి, మనం అనుకున్నంత గట్టిది కాదు. జనరేటరు మొరాయించటానికి ఎక్కువసార్లు కారణం ఇంజను కాదు, దాన్ని స్టార్టు చేయవలసిన బ్యాటరీ. నిలవ ఉంచిన డీజిలు కాలం గడిస్తే చెడిపోతుంది. పెద్ద ఇంజనును తక్కువ భారం మీద గంటల తరబడి నడిపితే, సరిగా కాలని చమురూ మసీ పొగగొట్టంలో పేరుకుని ఇంజనును తినేస్తాయి. అందుకే వాళ్లు ప్రతివారం భారం వేసి నడిపి చూసేవాళ్లట. ఇన్ని జాగ్రత్తలు పడినా, ట్యాంకు ఖాళీ అయ్యేసరికి ట్యాంకరు లారీ రావాలి. లారీ రావాలంటే రోడ్డు ఉండాలి. రోడ్డు మీద కూలిన చెట్లను తీయటానికి మనుషులుండాలి. ఆ మనుషులు కంచె బయటివాళ్లు.

సూర్యకాంతి ఉన్నది గదా అంటారు. నిజమే. 2014 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం సైనిక, అర్ధసైనిక స్థలాల్లో మొత్తం 300 మెగావాట్లకు పైగా సౌరవిద్యుత్తు పెట్టాలని నిర్ణయించింది. మంచిదే. కాని ఇందులో ఒక చిత్రం ఉన్నది. గ్రిడ్డుకు తగిలించిన మామూలు సౌరఫలకాలు, గ్రిడ్డు పడిపోయిన మరుక్షణం తామూ ఆగిపోతాయి. లేకపోతే, తీగలు చచ్చినవనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. బ్యాటరీలూ, విడిగా నడిపే ప్రత్యేక సాధనాలూ ఉంటే తప్ప, నడినెత్తిన సూర్యుడు మండుతున్నా స్థావరం చీకట్లోనే ఉంటుంది. అంటే సౌరశక్తి పెట్టుకున్న స్థావరం కూడా చివరికి గ్రిడ్డు బిడ్డే.

కంచె లోపల సైతం వెలుగు అందరికీ ఒకేసారి అందదన్న సంగతి మన దేశభక్తులు గమనించాలి. "ముందు రాడారు, వైర్‌లెస్సు, ఆసుపత్రి. అంతవరకూ న్యాయమే, మాస్టారూ. ఆ తరువాత ఆఫీసర్ల మెస్సు. మా బారకాసుల వంతు అన్నిటికన్నా చివర" అని హవల్దారు నాతో అన్నాడు. ఏ స్థావరమో అతను చెప్పలేదు గనక అన్నిచోట్లా ఇంతేనని నేననను. కాని జవాను పేరుచెప్పి ప్రశ్నను మూసివేసేవారు, ఆ జవాను ఉక్కపోతలో దోమలు కొట్టుకుంటూ కూర్చున్న రాత్రిని ఒక్కసారి ఊహించుకోవాలి. నేను జవానుకు వ్యతిరేకిని కాను. అతనికి కరెంటు ఇమ్మంటున్నాను.

ఇక మన ప్రాంతంలో ఈ కథ నడిచిన తీరు చూద్దాం. ఇందుకు విశాఖపట్నాన్ని మించిన పాఠశాల మరొకటి లేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేసినప్పుడు వాటి గురి ఓడరేవు మీదా, విద్యుత్ కేంద్రం మీదా. పట్నానికి దీపమిచ్చేదే రేవుకు ప్రాణమని శత్రువుకు తెలుసు. మన ఏలికలకు మాత్రం ఆ రెండూ వేరువేరు శాఖల ఫైళ్లు.

1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మొదలయింది. ఆంధ్ర, ఒరిస్సాలు కలిసి కట్టుకున్న ఆ కేంద్రంనుంచి విశాఖకు కరెంటు వచ్చింది. దానికోసం కొండల్లోని గిరిజనులు తమ ఊళ్లనూ పొలాలనూ నీటికి వదిలి లేచిపోయారు. 1968లో తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం విశాఖలో నెలకొన్నది. రేవులో వెలిగిన దీపాల వెనక ఏ కొండజాతి ఇంటి పొయ్యి ఆరిందో నౌకాదళపు కవాతు చూసేందుకు సముద్రపుటొడ్డుకు పోయిన జనంలో ఎంతమందికి తెలుసు? స్థావరం తన కరెంటును తానే పుట్టించుకున్నదని అనుకునేవారు ఈ మెట్లన్నీ లెక్కపెట్టాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడ్డది. గంటకు నూట ఎనభై కిలోమీటర్ల గాలి. విద్యుత్ స్తంభాలు వేలకొద్దీ నేలకూలినయి. నగరం రోజుల తరబడి చీకట్లో మగ్గింది. మంచినీళ్లకు బిందెలతో, పెట్రోలుకు సీసాలతో జనం బారులు తీరారు. పాలపాకెట్టు ధర ఆకాశానికి ఎక్కింది. తుపాను సైన్యాన్నీ పౌరులనూ వేరుచేసి చూడలేదు. నౌకాదళపు డేగా విమాన స్థావరం దెబ్బతిన్నది. అదే రన్‌వేను వాడుకునే పౌర విమానాశ్రయం కప్పు చెదిరిపోయి రోజుల తరబడి మూతపడింది. నౌకాదళంవారు జనాన్ని ఆదుకోవటానికి వచ్చారు, వారి శ్రమను నేను తక్కువచేయను. అయితే విశాఖకు వెలుగు తెచ్చింది ఎవరు? ఇతర జిల్లాలనుంచీ పొరుగు రాష్ట్రాలనుంచీ వచ్చిన విద్యుత్ కార్మికులు. స్తంభం భుజాన వేసుకుని బురదలో నడిచిన లైన్‌మన్. స్థావరానికి నిజమైన రిజర్వు దళం అతనే. అతని పేరు ఏ రక్షణ బడ్జెటులోనూ ఉండదు.

ఇక్కడ స్థావరపు ద్వీపాన్ని నమ్ముకున్నవారు ఒక ఆక్షేపణ తెస్తారు. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర భారతమంతా గ్రిడ్డు కూలి, రెండోరోజున అరవై కోట్లమంది ఉండే ప్రాంతం చీకటయినప్పుడు దక్షిణాది నిక్షేపంగా ఉన్నది గదా, విడిగా ఉండబట్టే గదా బతికింది అంటారు. నిజమే. అప్పటికి దక్షిణ గ్రిడ్డు మిగతా దేశంతో ఒకే లయలో నడిచేట్టు కలిసి లేదు. గాజువాకవంటి కొద్దిచోట్ల ప్రత్యేక యంత్రాల ద్వారా మాత్రమే ఇచ్చిపుచ్చుకోవటం జరిగేది. రాయచూరు, షోలాపూరు లైనుతో అది పూర్తిగా కలిసింది 2013 డిసెంబరు 31న. కాని ఆ వేరుపాటుకు మనం చెల్లించిన ధర ఏమిటి? 2012, 2013 వేసవులు గుర్తున్నవారు చెప్పాలి. ఉత్తరాన మిగులు ఉన్నా తెచ్చుకునే దారి చాలక, మన పల్లెల్లో గంటల తరబడి కోతలు, ఎండిన మోటార్లు, తల పట్టుకున్న రైతులు. విడిగా ఉండటం రెండురోజులు మనల్ని కాపాడింది, రెండు వేసవులు మాడ్చింది. ద్వీపానికి రక్షణ ఉన్నది, జీవనం లేదు.

ప్రపంచంలోకెల్లా ధనవంతమైన సైన్యానికి కూడా ఈ సంగతి ఆలస్యంగా బోధపడింది. అమెరికా రక్షణశాఖకు సలహాలిచ్చే డిఫెన్స్ సైన్స్ బోర్డు 2008లో ఒక నివేదిక ఇస్తూ, తమ స్థావరాలు దాదాపు పూర్తిగా పౌర గ్రిడ్డుమీదే ఆధారపడి ఉన్నవనీ, ఆ గ్రిడ్డు చూడబోతే పెళుసుగా ఉన్నదనీ ఒప్పుకున్నది. 2018 అక్టోబరులో వచ్చిన తుపానుకు ఫ్లారిడాలోని టిండల్ వైమానిక స్థావరం నేలమట్టమైనంత పనయింది. 2021 ఫిబ్రవరిలో, గ్రిడ్డును మార్కెట్టుకు అప్పగించి ఇరుగుపొరుగులతో పెద్దగా కలవకుండా కూర్చున్న టెక్సాసులో చలికి గ్రిడ్డు చతికిలబడి రెండువందలమందికి పైగా చనిపోయారు. 2022 అక్టోబరునుంచి రష్యా క్షిపణులు ఉక్రెయిన్ విద్యుత్ కేంద్రాలను వరసగా కొట్టినప్పుడు, సైన్యాన్ని ఓడించాలంటే ముందు జనం పొయ్యి ఆర్పాలన్న పాత యుద్ధనీతే మళ్లీ కనిపించింది. ఎనభై ఏళ్ల కిందట విశాఖ మీద ఎగిరిన విమానాలకు తెలిసినదే ఇది.

అంత దూరం పోవటమెందుకు? కోటప్పకొండకు తూర్పుదక్షిణాల చూడండి. సూర్యలంక తీరాన వైమానికదళ స్థావరం ఉన్నది. కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారినే, సుమారు నాలుగు కిలోమీటర్ల మేర, ఆపత్కాలంలో విమానాలు దిగే రన్‌వేగా తీర్చిదిద్దారు. 2022 డిసెంబరు 29న యుద్ధవిమానాలు దాని మీదుగా తక్కువ ఎత్తున ఎగిరి పరీక్ష జరిపినయి. మామూలు రోజుల్లో మిరప బస్తాల లారీలు నడిచే రోడ్డు అది. దీని అర్థమేమిటి? కంచె లోపలి రన్‌వే చెడినప్పుడు తనకు దిక్కు ప్రజల రోడ్డేనని సైన్యమే ఒప్పుకున్నది. రోడ్డు విషయంలో ఒప్పుకున్న సత్యాన్ని కరెంటు విషయంలో ఒప్పుకోవటానికి ఎందుకు జంకాలి? గ్రిడ్డు బాగుంటే స్థావరం బాగుంటుంది. గ్రిడ్డును తెగనమ్మి, స్థావరం చుట్టూ డీజిలు డ్రమ్ములు పేర్చటం రక్షణ కాదు.

ఇదే అసలు తగాదా. మన గ్రిడ్డును ఎవరు, ఎవరికోసం నడుపుతున్నారు? 1998లో ప్రపంచబ్యాంకు సలహాతో మన రాష్ట్రంలో విద్యుత్ సంస్కరణల చట్టం తెచ్చారు. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును ముక్కలు చేశారు. పెంచిన చార్జీలు తగ్గించమని అడిగిన జనం మీద 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు అసువులు బాశారు. ఆనాడు వీధిలోకి వచ్చినవారిలో చాలామంది, కరెంటు అమ్ముకునే సరుకు కాదని నమ్మినవారు. నేటి మన విద్యార్థులకు ఆ తేదీ పరీక్షలో వచ్చే ప్రశ్న కూడా కాదు.

సరుకుగా మారిన కరెంటు ఏం చేస్తుంది? కొనగలిగినవాడి దగ్గరకు పోతుంది. కొనలేనివాడిని చీకట్లో వదిలేస్తుంది. 2022 ఏప్రిల్‌లో బొగ్గు కొరత వచ్చి పరిశ్రమలకు సైతం విద్యుత్ సెలవు ప్రకటించినప్పుడు, మన రాష్ట్రంలోనే ఒక ప్రభుత్వాసుపత్రిలో సెల్‌ఫోన్ల వెలుతురులో కాన్పు చేశారని పత్రికలు రాసినయి. జనరేటరు ఉన్నదట, పనిచేయలేదట. స్థావరంలో జనరేటరును ప్రతివారం భారం వేసి నడిపి చూస్తారు. ఆసుపత్రిలో జనరేటరును ప్రారంభోత్సవం రోజున నడిపి చూస్తారు. సాంకేతిక జ్ఞానం రెండుచోట్లా ఒకటే. తేడా ఎక్కడ ఉన్నదంటే, ఎవరి ప్రాణాన్ని ఆగకూడనిదిగా లెక్కించారన్న దగ్గర ఉన్నది.

ఈ లెక్క నా ఇంట్లోకి కూడా వచ్చింది. 2021 మే నెల. కరోనా రెండో విడత. మా అక్కయ్యకు ఊపిరి అందటంలేదు. ఆసుపత్రుల్లో మంచాలు లేవు. ఎవరి కాళ్లో పట్టుకుని ఒక ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటరు సంపాదించి ఇంట్లోనే పెట్టాం. ఇస్త్రీపెట్టెకు కావలసినంత కరెంటు కూడా అక్కరలేదు దానికి. ఆ రాత్రి తొమ్మిది గంటలకు ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. తెల్లవారితేగాని మరొకటి రాదన్నారు. చెప్పినవాడి తప్పేమీ లేదు. ఎన్నో ఊళ్లకు అతనొక్కడు. అక్కయ్య ముఖం నల్లబడుతున్నది. విసనకర్రతో విసరటం తప్ప నాకేమీ చేతకాలేదు. ముప్పైఏళ్లు పిల్లలకు విద్యుత్తు పాఠం చెప్పినవాణ్ణి.

హవల్దారుకు ఫోను చేశాను. అరగంటలో అతను ట్రాక్టరుతో వచ్చాడు. వెనక ప్రభ జనరేటరు. శివరాత్రి అయిపోయాక పాకలో గుడ్డ కప్పి పెట్టిన దాన్ని లాక్కొచ్చాడు. ప్రభ కమిటీలో ఒకాయన, దేవుడి జనరేటరు జబ్బు ఇంటికి పోవటమేమిటని అన్నాడట. "కోటయ్యకేమీ అభ్యంతరం ఉండదు లెండి, బాబాయ్. చేదుకొమ్మని ఏటా అరిచేది ఇందుకే గదా" అని చెప్పి బయలుదేరాడట. ఆ రాత్రంతా మా వాకిట్లో ఆ ఇంజను మోగింది. పక్కిళ్లకు కూడా ఒక్కొక్క దీపం, ఒక్కొక్క ఫ్యాను తీగ లాగి ఇచ్చాడు. తెల్లవారేదాకా కుర్చీలో కూర్చుని నూనె చూసుకున్నాడు. అక్కయ్యకు ఆ రాత్రి గడిచింది. నాలుగో రోజున పోయింది. జబ్బు వల్ల పోయింది, కరెంటు వల్ల కాదు. ఆ తేడా నాకు ముఖ్యం.

మిత్రులు ఇందులోనుంచి హవల్దారు మంచితనాన్ని మాత్రం ఏరుకుని సంతోషించవద్దని కోరుతున్నాను. మంచితనం మీద నడిచే వ్యవస్థ వ్యవస్థ కాదు. నేను గమనించమంటున్నది మరొకటి. ఆ జనరేటరు ఊరి చందాతో కొన్నది. దాని యజమాని ఊరు. అందుకే దాన్ని ఆ రాత్రి కదల్చటానికి ఊరి మనిషికి హక్కున్నది. ప్రభకోసం ఊరు చీకటిని భరించటానికి కూడా కారణం ఇదే. ప్రభ తనది గనుక. స్థావరంలోని జనరేటరు కూడా జనం పన్నుతో కొన్నదే. దాన్ని మాత్రం మనం మనదనుకోవటానికి భయపడుతున్నాం. ఒకరు భక్తితో భయపడుతున్నారు, మరొకరు మడికట్టుకుని దూరంగా ఉంటున్నారు.

2025 మే 7న దేశమంతటా యుద్ధకాలపు విన్యాసాలు జరిపినప్పుడు, విశాఖలోనూ హైదరాబాదులోనూ సైరన్లు మోగించి, దాడి వస్తే ఎట్లా నడుచుకోవాలో జనానికి నేర్పారు. దీపాలార్పటం ఆ పాఠాల్లో ఒకటి. దీపమార్పటం పౌరుడి కర్తవ్యమయితే, దీపం వెలిగించమని అడగటం పౌరుడి హక్కు కాదా?

కనుక మనం అడగవలసిందేమిటో స్పష్టంగా చెప్తాను. రాడారుకు కరెంటు వద్దని ఏ మతిస్థిమితం ఉన్నవాడూ అనడు. రాడారు తరువాత ఎవరన్నదే మన ప్రశ్న. తుపాను తరువాత ఏ ఫీడరును ముందు బాగుచేస్తారో ఆ వరసను ప్రజల ముందు పెట్టాలి. రక్షణ రహస్యాలు ఎవరికీ అక్కరలేదు. ఆసుపత్రి, మంచినీటి పంపు, తుపాను ఆశ్రయం స్థావరంతో సమానమైన వరసలో ఉన్నాయో లేదో చెపితే చాలు. సైనిక స్థలాల్లో ప్రజాధనంతో పెట్టే సౌరఫలకాలకు బ్యాటరీలు చేర్చి, విపత్తులో పక్క ఆసుపత్రికీ పంపుహౌసుకూ కరెంటు పంపగలిగేట్టు తీగలు వేయాలి. ఇది గొంతెమ్మకోరిక కాదు. అమెరికాలోని మిరమార్ స్థావరం తన సొంత మైక్రోగ్రిడ్డుతో 2022 సెప్టెంబరు ఎండల్లో పౌర గ్రిడ్డు మీద భారం తగ్గించింది. కంచె దాటి సాయం పోతే కంచె కూలిపోలేదు.

ప్రభుత్వాసుపత్రి జనరేటరుకు కూడా వారానికొకసారి పరీక్ష, పేరు పెట్టి ఒక బాధ్యుడు, డీజిలుకు వేరే పద్దు ఉండాలి. తీగలు కలిపే కార్మికులను కాంట్రాక్టు కూలీలుగా తిప్పటం మానాలి. తుపానులో ప్రాణాలకు తెగించేవాడికి కనీసం ఉద్యోగం స్థిరంగా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, గ్రిడ్డు ప్రజల ఆస్తిగా నిలవాలి. థర్మల్ కేంద్రం ఒకసారి పూర్తిగా ఆగిపోతే దాన్ని తిరిగి నడపటానికి బయటినుంచి కరెంటు కావాలి. జలవిద్యుత్ కేంద్రానికి ఆ అవసరం చాలా తక్కువ. చిన్న జనరేటరు సాయంతో అది తానే లేచి, ఇతరులనూ లేపగలదు. ప్రజల చెమటతో కట్టిన సాగరూ, సీలేరూ, మాచ్‌ఖండూ దేశానికి ఆఖరి రిజర్వు. దాన్ని లాభనష్టాల చిట్టాలో వేసేవాడికి రక్షణ గురించి మాట్లాడే అర్హత లేదు.

అడవిలో పచ్చగడ్డి ఎవరిదని 1921, 22 సంవత్సరాల్లో పల్నాటి రైతులు అడిగారు. పుల్లరి కట్టమని ఎదురు తిరిగిన కన్నెగంటి హనుమంతు తూటాలకు బలయినాడు. గడ్డి గురించి అంత పట్టుదల ఏమిటని అప్పుడు కూడా పెద్దమనుషులు అని ఉంటారు. ఆ పోరాటం గడ్డిపరక గురించి కాదని మనకిప్పుడు తెలుసు. నేటి ప్రశ్న కూడా ఒక దీపం గురించి కాదు.

మొన్నటి శివరాత్రికి కూడా కొండకు పోయాను. ప్రభ ముందుకు సాగిపోయింది. జనం దాని వెంట పోయారు. నేను చీకటి వీధిలో అరుగు మీద కూలబడ్డాను. కాసేపటికి నిచ్చెన భుజాన వేసుకుని ఇద్దరు లైన్‌మన్లు వచ్చారు. విప్పిన తీగలను ఒక్కొక్కటే కలుపుకుంటూ పోయారు. వాళ్ల వెనకగా, ఒక ఇల్లు తరువాత ఒక ఇల్లు, దీపాలు వెలిగినయి. ప్రభను చూసి చప్పట్లు కొట్టినవారిలో ఒక్కరైనా వీళ్లను చూడలేదు. ఊరికి వెలుగు తిరిగివచ్చింది మాత్రం వీళ్ల చేతుల్లోంచి.